నీళ్ల వేళకు నిద్రపోయే కంప్యూటర్

కంప్యూటర్ మాది కాదు. వనపర్తిలో ప్రెస్సు నడిపే సారుది. పెండ్లికి ముందు మా కోడలు ఆయన దగ్గర టైపింగు చేసేది. కాన్పు తర్వాత పసిపిల్లను వదిలి రోజూ బస్సెక్కి పోవడం కుదరలేదు. పని తెలిసిన మనిషిని పోగొట్టుకోవడం ఇష్టంలేక ఆయనే ఒక పాత కంప్యూటర్‌ను ఆటోలో వేయించుకొని, గోపాల్‌పేట అవతల చెలకలో ఉన్న మా ఇంటికి తెచ్చిపెట్టాడు. ఇంట్లోనే టైపు చేసి పేజీలు పంపాలి. పని ఆగితే కంప్యూటర్ తిరిగి తీసుకుపోతానని తెచ్చిన రోజే చెప్పాడు. మర్యాదగానే చెప్పాడు.

ఆ పనిలో నాకూ కొంత పాలు ఉండేది. నేను చదువు నేర్చింది నలభై దాటాక. అంతకుముందు కాలువ పనులకు, డ్యాం పనులకు తట్ట మోస్తూ ఊళ్లు తిరిగాను. ఇక తిరగలేక ఇంటిపట్టున ఉన్నప్పుడు, బడి వరండాలో అంగన్‌వాడీ టీచరు నాలాంటి నలుగురైదుగురిని కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది. చదవగలను గాని వేగం లేదు. పదం కింద వేలు పెట్టి, విడదీసుకుంటూ పోతాను. ఆ నెమ్మదే కోడలికి పనికొచ్చింది. చేతిరాత కాగితం నేను పైకి చదువుతుంటే ఆమె తెర మీదినుంచి కన్ను తీయకుండా టైపు చేసేది.

"నీ సదువు, నా చేతులు ఒక్క తీరు నడుస్తయి అత్తమ్మా. మల్ల సదువుమని అడిగే పని లేదు" అనేది.

ఆ చలికాలం మా చేతిలో ఉన్నది పశువుల దవాఖానలో పనిచేసి రిటైరైన ఒక పెద్దమనిషి రాసిన పుస్తకం. ఎడ్లకు, బర్రెలకు, గొర్లకు వచ్చే రోగాలు, వాటి గుర్తులు, ఇవ్వవలసిన మందులు. ఆయన చేతిరాత కోడిగీతల కంటె కొంచెం నయం.

టైపు చేస్తూ కోడలు ఎన్నోసార్లు లేవాల్సి వచ్చేది. పిల్ల ఏడుస్తుంది, పొయ్యి మీద అన్నం పొంగుతుంది. ప్రతిసారీ కంప్యూటర్‌ను పూర్తిగా బందుచేసి మళ్లీ తెరిస్తే, తెర మీద తెలుగు అక్షరం కనబడేసరికి పిల్ల ఇంకోసారి లేచేది. అందుకని దాన్ని నిద్రపుచ్చి లేచేది. అలా అనడం నాకు మొదట్లో వింతగా ఉండేది. ఒక మీట నొక్కితే తెర నల్లబడుతుంది, లోపల తిరిగే ఫ్యాను ఆగుతుంది, ముందు భాగంలో చిన్న దీపం ఒకటి మెల్లగా ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. మౌసు కదిపితే లేస్తుంది, ఆపిన పదం దగ్గరే ఉంటుంది.

సంక్రాంతి దాటాక ఆ నిద్ర చెడింది.

నిద్రపుచ్చి పోయి తిరిగి వచ్చేసరికి ఫ్యాను గొంతు చించుకుంటూ ఉండేది. పల్లీ తూర్పారబట్టే మిషను గదిలో పెట్టినట్టు. తెర మాత్రం నల్లగానే. మౌసు కదిపినా, ఏ మీట నొక్కినా పలకదు. ముందున్న బటను ఒత్తిపట్టి ఉంచితేనే అది చప్పున చచ్చేది. మళ్లీ తెరిస్తే ఒక్కోసారి అంతా బాగుండేది, ఒక్కోసారి చివరి పేజీలు ఉండేవి కావు. కోడలు ప్రతి పేరా కాగానే సేవు చేయడం మొదలుపెట్టింది. అయినా ఒకరోజు గొర్ల రోగాల అధ్యాయం మొత్తం అక్షరాలకు బదులు ఖాళీ గడులతో తెరుచుకుంది. ఆమె లేచి పిల్ల బట్టలు మడతపెట్టింది.

విచిత్రమేమంటే అది ప్రతిసారీ జరగదు. పిల్ల కోసం లేచినప్పుడు నిద్రపుచ్చితే చాలాసార్లు సుబ్బరంగా లేచేది. ఏ రోజు ఎందుకు లేవదో ఎవరికీ అంతుపట్టలేదు. తెలియనప్పుడు మనుషులు కారణాలు కల్పించుకుంటారు. కోడలు ఫోనులో వీడియోలు చూసి మౌసు తీగ పీకింది, మర్నాడు ఇంకో తీగ పీకింది. మా కొడుకు బెంగళూరు రోడ్డున లారీ తోలుతాడు. ఏదో దాబా దగ్గర ఆగి ఫోనులో, "లోడు ఎక్కువైంది కావచ్చు, పాటలు గిట్ల ఉంటే తీసెయ్" అన్నాడు.

"పాటలు ఏడున్నయి? అన్నీ బర్రెల రోగాలే" అంది కోడలు.

మా ఆయన గుమ్మం దగ్గర నిలబడి ఫ్యాను మోత విని, నేను ముందురోజు పైకి చదివింది గుర్తుపెట్టుకొని, "దానికి గూడ కడుపుబ్బరమే. నోట్లె ఇంత నూనె పోయుండ్రి" అన్నాడు.

"మామా, నవ్వొస్తలేదు."

"నేను నవ్వుతున్ననా? ఆ పుస్తకంలనే రాసి ఉన్నది గదా."

ప్రెస్సు సారుకు నవ్వు రాలేదు. గొర్ల అధ్యాయం పోయిందని చెప్పగానే, ఇంకా ఎన్ని పేజీలు మిగిలాయో ఫోనులోనే లెక్క అడిగాడు. తర్వాత, వచ్చే సోమవారం తానే వస్తానని, అప్పటికి సరైతే సరే, లేకపోతే కంప్యూటర్ తీసుకుపోయి పని వనపర్తిలోనే ఇంకొకరికి ఇస్తానని చెప్పాడు. "నీ తప్పని అంటలేనమ్మా. రాసినాయన రోజూ వచ్చి కూర్చుంటున్నడు" అన్నాడు.

ఆ పని పోతే కోడలికి మిగిలేది మా పల్లీ చేనులో కలుపు. అదేమీ తక్కువ పని కాదు, నేను చేసిందే. కాని ఆమె చేతికి వచ్చిన పని వేరు. అది పోతుందేమోనని ఆమెకు రాత్రింబగళ్లు అదే ధ్యాస. కంప్యూటర్ పక్కనుంచి నడిచేటప్పుడు అడుగు మెల్లగా వేసేది.

కొత్తకోట నుంచి బాగుచేసే ఆయనను పిలిపించాం. నడివయసు మనిషి, మెడలో కళ్లద్దాలు తాడుకు వేలాడుతుంటాయి. ఆయన వచ్చిన పొద్దున మా ఇంట్లో ఇంకో గొడవ. ముందురోజు బోరుమోటరు కాలిపోయింది. పల్లీకి ఊడలు దిగే సమయం, నీళ్లు తప్పకూడదు. మా ఆయన మనుషులను పిలిపించి పైపులు ఒక్కొక్కటే పైకి లాగిస్తున్నాడు. బయట వాళ్ల కేకలు, లోపల కంప్యూటర్ ఆయన పని.

డబ్బా మూత తీస్తే లోపల మా చెలక మట్టి పొరగా పేరుకొని ఉంది. ఒక మూల బల్లి గుడ్లు.

"సంసారమే పెట్టినయి గదమ్మా ఇండ్ల. ఇగ అదెట్ల పండుకుంటది?" అన్నాడు ఆయన.

గాలిమిషనుతో దుమ్ము ఊదాడు. లోపలినుంచి ఒక పచ్చ పట్టీ ఊడదీసి, దాని బంగారు రంగు పళ్లను పిల్లలు బళ్లో వాడే రబ్బరుతో రుద్ది మళ్లీ గుచ్చాడు. గడియారంలో వేసే బిళ్లలాంటి సెల్లు మార్చాడు. ఫ్యాను తిప్పి చూశాడు. చివరికి తెర మీద ఏవో గడుల్లో టిక్కులు తీసి, ఇంకేవో గడుల్లో పెట్టాడు. నిద్రపుచ్చి లేపి చూపించాడు. లేచింది. మళ్లీ పడుకోబెట్టి, చాయ తాగి, మళ్లీ లేపాడు. లేచింది.

"ఇగ నిమ్మళం. గుర్రు గూడ పెట్టదు" అని బండెక్కి పోయాడు.

ఆయన చెప్పినట్టే అయింది. ఆ రోజంతా, మర్నాడు, ఆ మర్నాడు కూడా కంప్యూటర్ నిద్రపుచ్చితే పడుకుంది, కదిపితే లేచింది. కోడలు గొర్ల అధ్యాయం మళ్లీ మొదలుపెట్టింది. నేను చదువుతుంటే ఇద్దరికీ సగం ముందే నోటికి వచ్చేసింది. మోటరు లేదు కాబట్టి పక్క చేనువాళ్ల బోరు దగ్గరికి బిందెలతో పోయి నీళ్లు తెచ్చుకున్నాం. ఆ నడక ఎవరికీ బరువనిపించలేదు.

ఇక్కడ మా నీళ్ల సంగతి కొంచెం చెప్పాలి. ఇంట్లో బల్బు వెలగడానికి ఒక తీగలో కరెంటు ఉంటే చాలు. బోరుమోటరు తిరగాలంటే మూడు తీగల్లోనూ రావాలి. ఇంటికి కరెంటు దాదాపు ఎప్పుడూ ఉంటుంది. మూడు తీగల కరెంటు మాత్రం మా వైపు పోతూ వస్తూ ఉంటుంది. అది ఎప్పుడు వస్తే అప్పుడు మోటరు తనంతట తాను తిరిగేటట్టు స్టార్టర్ డబ్బాకు ఆటో అనే పరికరం పెట్టుకుంటారు రైతులు. మా ఆయనా పెట్టించాడు. పొద్దున ఫలానా పొద్దుకు, మధ్యాహ్నం ఫలానా పొద్దుకు వస్తుందని ఆడవాళ్లకు ఒక అంచనా. ఆ వేళకు కొంచెం ముందే అంట్లు, విడిచిన బట్టలు ఎత్తుకొని బోరు కాడి తొట్టి దగ్గరికి చేరతాం. స్టార్టర్ టక్కుమంటుంది, పైపు బుస్సుమంటుంది, ఆ ధార కింద పనులన్నీ చేసుకుంటాం. ఇల్లు, బోరు ఒకే స్తంభం కింద. మోటరు లేచినప్పుడు ఇంట్లో బల్బు ఒక్క క్షణం ఎర్రబడుతుంది. ఆ ఎరుపు మాకు ఎంత అలవాటంటే, దాన్ని చూశామన్న సంగతి కూడా మాకు తెలియదు.

కాలిన తీగచుట్లు తీసి కొత్త కాయిలు కట్టించిన మోటరు శనివారం కొత్తకోట నుంచి వచ్చింది. పైపులు మళ్లీ దింపారు. కోడలు కంప్యూటర్‌ను నిద్రపుచ్చి, పేరుకుపోయిన బట్టల మూట ఎత్తుకొని తొట్టి దగ్గరికి పోయింది. పిల్ల నా ఒళ్లో నిద్రపోయింది కాబట్టి నేను లోపలే ఉన్నాను. తర్వాత చదవాల్సిన కాగితం ముందే ఒకసారి చూసుకుంటున్నాను. బయట మా ఆయన "ఏస్తున్న!" అని కేకేశాడు. టక్కుమంది. నా కాగితం మీద వెలుతురు తగ్గింది. తల ఎత్తాను. బల్బు ఎర్రగా ఉంది. కంప్యూటర్ ముందు దీపం మినుకు మానేసి నిలబడిపోయింది. వెంటనే ఫ్యాను అరవడం మొదలుపెట్టింది. పిల్ల ఉలిక్కిపడి లేచి ఏడ్చింది.

తొట్టి దగ్గర నీళ్ల మోతలో, మోటరు మోతలో ఈ అరుపు ఎవరికీ వినపడదు. నేను పిల్లను భుజాన వేసుకొని బయటికి పోయి చెప్పాను. కోడలు సబ్బు చేతులతోనే నన్ను నిలబెట్టి అడిగింది.

"ఏది ముందు అత్తమ్మా? బల్బు తగ్గుడు ముందా, ఫ్యాను మొత్తుకునుడు ముందా?"

"బల్బే ముందు. దాని ఎంటనే ఇది."

"బాగ యాది చేసుకో."

"యాది చేసుకునేదేముంది, ఇప్పుడే గదనే సూసొచ్చిన."

ఆమె బట్టలు తొట్టిలో వదిలేసి మామ దగ్గరికి పోయింది. ఆయన కొత్త నీళ్ల ధారను పండుగలా చూస్తున్నాడు.

"మామా, జర మోటరు బందుచేసి మల్ల ఒక్కపారి ఎయ్యి."

"ఏంటికి?"

"కంప్యూటర్ కోసం."

"కొత్త కాయిలే పిల్లా! నిన్ననే కట్టిండ్రు. ఇదేమన్న ఆటబొమ్మనా, ఏసుడు తీసుడు?"

"ఒక్కపారి మామా. మల్ల అడుగ."

ఆయన నా వంక చూశాడు. నేను కానిమ్మన్నట్టు తల ఊపాను. ఆయన ఎర్ర బటను నొక్కాడు, ధార కుంగిపోయింది. కోడలు లోపలికి పరుగెత్తి కంప్యూటర్‌ను చంపి, తెరిచి, మళ్లీ నిద్రపుచ్చింది. దీపం మినుకుతుంటే కిటికీలోంచి చెయ్యి ఊపింది. ఆయన ఆకుపచ్చ బటను నొక్కాడు. టక్కు, ఎరుపు, అరుపు. ఈసారి ఆయన కూడా కిటికీ దాకా వచ్చి విన్నాడు.

"అంటే నా మోటరేనా?" అన్నాడు.

కంప్యూటర్ బాగుచేసిన కొత్తకోట ఆయనకు ఫోను చేస్తే, సంక్రాంతి దాటాక అందరి మోటర్లూ తిరిగి అసలే కరెంటు పలచబడిందని, మా మోటరు లేస్తూ ఒక్కసారిగా ఇంకా గుంజుకుంటుందని, నిద్రలో ఉన్న కంప్యూటర్‌కు ఆ దెబ్బ తగులుతుందని చెప్పాడు. మోటరు ఊడదీసిన రోజులు, ఆయన బాగుచేసిన రోజులు ఒకటే కావడంతో పేరు ఆయనకు వచ్చింది. మధ్యలో యూపీఎస్ అనే పెట్టె ఒకటి పెడితే మంచిదన్నాడు. ప్రెస్సు సారుతో ఆ మాట అంటే చూద్దామన్నాడు. ఇప్పటికీ చూస్తూనే ఉన్నాడు.

మేలుకొని ఉన్న కంప్యూటర్‌కు ఆ దెబ్బ తగిలితే ఏమవుతుందో మాకు తెలియదు. మేమెరిగినంతలో మోటరు లేచే వేళ ఎవరూ దాని ముందు కూర్చోలేదు, అందరం నీళ్ల దగ్గరే. పరీక్షించి చూసే ధైర్యమూ లేదు. మోటరు లేవకముందే కంప్యూటర్‌ను పూర్తిగా బందుచేయడం ఒక్కటే మాకు తోచిన దారి. దానికి ఆటో అడ్డం. అంచనా వేళలు అంచనాలే. మధ్యలో కరెంటు తగ్గి మోటరు ఆగితే, అది తనంతట తానే మళ్లీ లేస్తుంది. ఎప్పుడు లేస్తుందో ఎవరికీ చెప్పదు.

ఆ మధ్యాహ్నం అన్నాలు తింటుంటే కోడలు అడిగింది. "ఆటో తీసేద్దామా మామా?"

"తీస్తే? పొద్దుందాక నేను డబ్బా కాడ కూసోవాల్నా? అక్కడ మడి ఎవరు మళ్లిస్తరు, నీ కంప్యూటరా?"

"నేనేస్త."

"ఏందీ?"

"మోటరు. స్టార్టర్ మీద మూడు లైట్లు కిటికీలకెల్లి నాకు కనవడ్తయి. మూడు ఎలుగంగనే ఇది బందుచేసి, పోయి అది ఏస్త. మల్ల వొచ్చి ఇది తెరుస్త."

"ఆడోళ్లు స్టార్టర్ ముట్టుకునుడు ఏడన్న ఉన్నదా? చెయ్యి తడిగ ఉంటది, షాకు కొడ్తది."

"తడి చేతులు తుడుసుకునుడు గూడ రాదా మామా నాకు?"

ఆయన ఇంకో ముద్ద కలిపాడు. స్టార్టర్ డబ్బా మా ఇళ్లలో మగవాళ్ల వస్తువు. దానికి తాళం ఉంటుంది, తాళం మొలతాడుకు ఉంటుంది. నేను ఇన్నేళ్లు ఆ ధార కింద బట్టలు ఉతికాను గాని ఆ డబ్బా మూత తెరిచి చూడలేదు. చూడాలని అనిపించలేదు కూడా.

"పిల్ల అడిగింది తప్పేం కాదు. సోమారం సారొచ్చి ఎత్తుకపోతె మల్ల తేడు" అన్నాను.

ఆయన నీళ్లు తాగి, చెంబు పక్కన పెట్టి, వేరే ఏదో గుర్తొచ్చినట్టు అన్నాడు. "కాయిలు కట్టినాయన గూడ అదే అన్నడు. ఆటో తీసెయ్ పెద్దాయనా, కరెంటు తక్కువున్నా లేస్తది, అందుకే కాలుతది అని."

"ఎప్పుడన్నడు?" అని అడిగాను.

"కట్టనీకి మోటరు ఇచ్చిన రోజే."

"మరి ఇంట్ల చెప్పలేదేంది?"

"మీరు అడగలేదు గదా" అని చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

ఆ సాయంత్రమే ఆటో తీయించాడు. ఆదివారం పొద్దున కోడలికి స్టార్టర్ పని చెప్పాడు. కింద పొడి చెక్క వేశాడు. రబ్బరు చెప్పులు లేకుండా దాని మీద కాలు పెట్టొద్దన్నాడు. ఎర్రది, పసుపుది, నీలిది మూడు లైట్లూ ఒకే తీరుగా వెలగాలి, ఒకటి మసకగా ఉన్నా బటను ముట్టొద్దన్నాడు. కరెంటు కొలిచే ముల్లు ఎక్కడ నిలవాలో చూపించాడు. ఆమె రెండోసారి అడగకుండా అన్నీ తిరిగి చెప్పింది. నేను దూరంగా పిల్లను ఎత్తుకొని నిలబడ్డాను. ఆమె ఆకుపచ్చ బటను నొక్కినప్పుడు, బుస్సుమని నీళ్లు వచ్చిందాకా నేను ఆమె చెప్పులవంకే చూశాను.

"జర గట్టిగ నొక్కు. టైపింగు కాదది" అన్నాడు ఆయన.

సోమవారం ప్రెస్సు సారు వచ్చాడు. వెంట ఆటోరిక్షా కూడా వచ్చి బయట ఆగింది. ఆయన కూర్చొని గొర్ల అధ్యాయం తెర మీద చదువుతున్నాడు. ఎక్కడా తప్పు దొరకలేదేమో, పేజీ వెనక పేజీ దించుతూ పోయాడు. అంతలో కోడలు కిటికీలోంచి చూసి, "సార్, జర లేస్తరా" అని, ఆయన చదువుతుండగానే కంప్యూటర్‌ను బందుచేసింది.

"మళ్లీ ఏమైందమ్మా?"

"ఏం కాలేదు సార్. మోటరు ఏసొస్త."

ఆమె చేతులు కొంగుకు తుడుచుకొని, చెప్పులు వేసుకొని పోయింది. బల్బు ఎర్రబడి మళ్లీ తెల్లబడింది. సారు దాన్ని కూడా చూశాడు. ఆమె వచ్చి కంప్యూటర్ తెరిచి, ఆయన ఎక్కడ ఆపాడో ఆ పేజీ తెచ్చి పెట్టింది. తర్వాత దాన్ని నిద్రపుచ్చి, నేను చాయ పోసి ఇచ్చాక లేపి చూపించింది. లేచింది.

"ఇట్ల ఎన్ని రోజులు?" అని అడిగాడు ఆయన.

"కరెంటు వచ్చినన్ని రోజులు."

ఆయన చాయ తాగి, బయటికి పోయి ఆటోను వెనక్కి పంపించాడు. ఖాళీగా పంపినందుకు ఆటో అతను ఏదో గొణిగాడు. సారు సంచిలోంచి మిగతా కాగితాలు తీసి నా చేతికిచ్చి, బస్సు వేళకు రోడ్డుకు నడిచాడు.

పని నిలిచింది. పల్లీ కూడా నిలిచింది. మామాకోడళ్ల మధ్య మాత్రం రోజూ ఒక కేక నడుస్తుంది. ఆయన చేను ఆ కొసన పార పట్టుకొని నిలబడి, "మూడు లైట్లు ఎలుగుతున్నయి పిల్లా, నీళ్లు ఏవీ?" అని అరుస్తాడు.

ఆమె టైపు ఆపకుండా కిటికీ వైపు తిరిగి, "ఆగు మామా, ఈ పేజీ అయిపోనీ" అంటుంది.

నేను చదివే వేగం మార్చను. ఆయన పార మీద గడ్డం ఆనించుకొని నిలబడతాడు.